తలుపు మీద సుద్ద గుర్తు

కరెంటు పీకడానికి వచ్చినవాణ్ణి చూసి నవ్విన ఇల్లు నా సర్వీసు మొత్తంలో ఒక్కటీ లేదు. కుప్పంలో లేదు, మదనపల్లెలో లేదు, పుంగనూరులో అసలే లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు మొదటి నెలలోనే ఈ సంగతి కనిపెట్టి ఉంటారు. మంచినీళ్లు అడిగితే ఇస్తారు, కాదనను. ఇచ్చే మనిషి చూపు మాత్రం మన నిచ్చెన మీదే ఉంటుంది.

నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. చెప్పాలంటే చాలా ఉన్నాయి. కుప్పంలో గ్రానైట్ పాలిష్ యూనిట్ల దగ్గర తెల్లదుమ్ము తిన్న రోజులు, మదనపల్లెలో మంచి టమాటా సీజన్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మండీ వాళ్లంతా నా ఒక్కడి మీద పడ్డ రోజు. అవన్నీ వదిలేస్తున్నాను. పుంగనూరులో నా ఆఖరి పోస్టింగులో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఒక ఉదయం జరిగింది చెబుతాను. ఒక ఇంట్లో ఒకామె ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని ఊపిరి పీలుస్తోంది. ఆ ఇంటికి మేం కరెంటు తీసేశాం. తీసేటప్పుడు మాకా సంగతి తెలీదు. మీకు ముందే చెప్పేస్తున్నాను. కథలు చెప్పేవాళ్లలా చివరిదాకా దాచిపెట్టడం నాకు చేతకాదు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను ఒకచోట కుదురుగా నిలబడే మనిషిని కాను. బస్సు కోసం నిలబడాల్సి వస్తే బస్టాండంతా నాలుగు చుట్లు తిరుగుతాను. కాలుగాలిన పిల్లి అని మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే పేరు పెట్టింది. అలాంటివాడికి ఆ నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. పొద్దున పన్నెండు దాకా అంగళ్లు, ఆ తర్వాత కర్ఫ్యూ. రోజంతా చేసే పని సగం రోజులో చేయాలి. మాలో ఇద్దరు ఆస్పత్రిలో ఉన్నారు. అందులో ఒకాయన తిరిగి రాలేదు. ఆయన చూసే వీధులు కూడా నాకే వచ్చాయి. ఆయన చెప్పులు ఇంకా ఆఫీసు వరండాలోనే ఉండేవి. తీసెయ్యమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పొద్దున్నే వాటి పక్కనుంచే నిచ్చెన తీసుకుని బయల్దేరేవాళ్లం.

పైన మా ఏఈ సారు. చిన్నవాడు, కోస్తా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. ఆయన్ని ఇంకెవరో అడిగేవాళ్లు, ఆయన మమ్మల్ని అడిగేవాడు. ఫోన్ మోగితే చాలు, నేను అటూ ఇటూ నడక మొదలుపెట్టేవాణ్ణి. బకాయి ఉన్న ఇళ్లు ఎన్ని, ఈరోజు ఎన్ని తీశారు, ఇంకా ఎన్ని మిగిలాయి. ఆయన ప్రశ్నలు ఆ మూడే.

నాతో తిరిగే లైన్‌మన్ తంబళ్లపల్లె దిక్కు మెట్ట పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంటినుంచి వచ్చినవాడు. స్తంభం ఎంత తొందరగా ఎక్కుతాడో కోపం కూడా అంత తొందరగా తెచ్చుకుంటాడు. నన్ను అన్నా అని పిలుస్తాడు. ఇంట్లో ఫ్యూజు పీకితే జనం ఒక ముక్క తీగ దోపుకుని మళ్లీ వెలిగించుకుంటున్నారని, స్తంభం మీదే సర్వీసు వైరు విప్పేసే పద్ధతి పెట్టుకున్నాం. ఆ సలహా వాడిదే. అది గుర్తుంచుకోండి. వైరు మళ్లీ కలపాలంటే నిచ్చెన రావాలి, మనిషి ఎక్కాలి.

ఆ ఊరి చర్చి వాళ్లిద్దరు మాకు తగిలింది ఇలాంటి ఒక స్తంభం కిందే. లైన్‌మన్ సగం ఎక్కాడు. వెనకనుంచి ఒక గొంతు, బళ్లో పిల్లల్ని అదిలించే గొంతు.

"ఏమప్పా, దిగు కిందికి."

తిరిగి చూస్తే ఒక పొట్టి ఆవిడ. గొడుగు, చీర గుడ్డతోనే కుట్టించుకున్న మాస్కు. పక్కన మోపెడ్ మీద ఒక లావాటి మనిషి. ఆవిడ రిటైరైన టీచరు. ఆయనకు మైక్‌సెట్ అంగడి. పెళ్లిళ్లు, జాతరలు ఆగిపోయి స్పీకర్లన్నీ గోనెసంచుల కింద పడున్నాయి.

"ఎవరమ్మా మీరు? ఈ ఇల్లు మీదా?" అన్నాను.

"కాదు. ఈ ఇంటి బిల్లు మేం కడతాం."

"మీకు యాలమ్మా?"

"యాల అంటే ఏం చెప్పేదప్పా? కడతామంటాండా గదా. దిగమను ముందు ఆ పిల్లోణ్ణి."

నలభై దాటిన మా లైన్‌మన్ పిల్లోడు అనే మాట విని మారు మాట్లాడకుండా దిగేశాడు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డబ్బు ఎక్కణ్ణించి తెస్తున్నారో మైక్‌సెట్టాయన చెప్పాడు. వాళ్ల చర్చిలో కోత పండక్కి జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, వేరుశనక్కాయల తట్టలు, కోళ్లు వేలం వేస్తారట. పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చు, లేదంటే మళ్లీ పాడించండని తిరిగి ఇచ్చేయవచ్చు. చర్చికి తాళం పడ్డాక ఆ వేలం ఫోన్ గ్రూపులోకి ఎక్కింది. ప్రతి ఆదివారం ఈయన ఒక కోడి ఫోటో పెట్టి, మూడు పల్లెలకు వినిపించే గొంతుతో ఒకటోసారి, రెండోసారి అని రికార్డు చేసి పంపుతాడు. ఒకే కోడి ఆ రెండు నెలల్లో ఎన్నిసార్లు అమ్ముడుపోయిందో దానికే తెలియాలి. ఆ వచ్చిన దాంతో కరెంటు బిల్లులు, గ్యాస్ బండలు, కొందరికి ఇంటి బాడుగ. వాళ్ల చర్చికి వచ్చేవాళ్లకే కాదు, వీధిలో ఎవరికైనా.

ఆ గ్రూపులో నన్ను కూడా చేర్చారు. బిల్లుల సంగతి అడగడానికని చేర్చి కోడిని నా గొంతుకు కట్టారు. ఒక ఆదివారం పాట మందకొడిగా ఉందని చూడలేక నేనొక రేటు వేశాను. నా మీద ఇంకెవరూ వేయలేదు. మా ఆవిడ సంగతి విని "కోడి యాడ?" అని అడిగింది. తిరిగి ఇచ్చేశానన్నాను. ఆ రోజు పప్పుచారే పోసింది.

రోజూ స్తంభాల కింద పంచాయితీ పెట్టుకుంటే పని సాగదని ఒక ఏర్పాటు చేసుకున్నాం. చర్చివాళ్లు బాధ్యత తీసుకున్న ఇంటి తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తున్న ఇంటిని మేం వదిలేస్తాం. ఆదివారం వేలం ముగిశాక సోమవారం వాళ్లు కట్టేస్తారు.

"ఒక సిలువ గీసేస్తే సరిపాయె గదమ్మా" అన్నాడు మా లైన్‌మన్.

"బాగుండాది! సిలువ గీస్తే బిల్లు కట్టి మతంలో కలుపుకుంటాండారంటారు. నువ్వొచ్చి సమాధానం చెప్తావా?" అని టీచరమ్మ తలుపు మీద రైట్ మార్కు పెట్టింది. జీవితమంతా నోటు పుస్తకాల మీద పెట్టిన చెయ్యి కదా, ఎంత అందంగా వచ్చిందో.

ఒక్క చిక్కు. ఆవిడ గుర్తు పెట్టి ఊరుకునేది కాదు. కరోనా వల్ల లోపలికి పోకూడదని వాళ్ల నియమం. అందుకని గేటు బయటే నిలబడి ప్రార్థన చేసేది. అది చిన్నది కాదు. ఆ ఇంటివాళ్లు, వాళ్ల పిల్లల చదువులు, డాక్టర్లు, నర్సులు, ప్రభుత్వం, అన్నీ వచ్చేవి. ఎండలో నేను ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడేవాణ్ణి. ఒకరోజు అందులో "నిచ్చెనెక్కే ఈ బిడ్డ కాలు జారకుండా సూడు తండ్రీ" అని వచ్చింది. మా లైన్‌మన్ టోపీ తీసేశాడు. ఆ రోజునుంచి ఆవిడ ఆమెన్ అనేదాకా వాడు స్తంభం ముట్టుకునేవాడు కాదు. నేను తిట్టినా కదిలేవాడు కాదు.

ఇక ఆ ఇంటి సంగతి. పాత మిద్దె. పైన ఇంటాయన కాపురం. కింద బాడుగకు ఒక దర్జీ, ఆయన భార్య. పైకి ఒక మీటరు, కిందికి ఒక మీటరు. దర్జీ భార్య చిన్నప్పుడు టీచరమ్మ దగ్గరే చదివింది. బిల్లు కట్టలేకపోతున్నామని ఆమే టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పింది, జబ్బు మాట మాత్రం ఎత్తలేదు. టీచరమ్మ గురువారం వచ్చి, మూసిన తలుపు మీద రైట్ మార్కు పెట్టి, తన ధోరణిలో ప్రార్థన చేసి వెళ్లింది. లోపల కుట్టు మిషన్ తొక్కుతున్న చప్పుడు వినిపించింది, పని దొరికినట్టుంది పాపం అని సంతోషపడ్డానని తర్వాత నాతో చెప్పింది.

లోపల పని లేదు. తర్వాత దర్జీ నోటినుంచే విన్నది చెబుతున్నాను. భార్యకు జబ్బు వచ్చి వారం దాటింది. మదనపల్లెలో తిరిగాడు, పడక దొరకలేదు. ఆమె తమ్ముడు కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతను ఎలాగో బెంగళూరునుంచి ఒక ఆక్సిజన్ మిషన్ బాడుగకు తెప్పించి, కూరగాయల వ్యాన్‌లో క్యాబేజీ మూటల కింద పెట్టి పంపాడు. తెలిసిన డాక్టరొకాయన ఫోన్‌లో మందులు చెబుతున్నాడు. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఇంటాయన ఆ పూటే ఖాళీ చేయమంటాడు. పైగా ఆ రోజుల్లో దర్జీకి గంజి పోసింది మాస్కులు. భార్యకు జ్వరం వచ్చిన రోజే, గుడ్డ రాలేదని చెప్పి కుట్టడం ఆపేశాడు. అయినా కరోనా ఇంటి దర్జీ అని ఒకసారి పేరు పడితే మళ్లీ ఎవరు గుడ్డ ఇస్తారు? ఆక్సిజన్ మిషన్ గుర్రుమనే శబ్దం బయటికి వినబడకుండా, పొద్దుగూకులు గుడ్డ లేని కుట్టు మిషన్ తొక్కుతూ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి భార్య మంచం మీద, కాళ్లు మిషన్ మీద.

అలాంటి ఇంటి తలుపు మీద తెల్లటి గుర్తు. శుక్రవారం ఎదురింటాయన "అదేంది భాయ్, మీ తలుపు మీద?" అని అడిగాడు. దర్జీకి అది చర్చివాళ్ల గుర్తని తెలుసు. బిల్లు కట్టేంతవరకు చెరపవద్దని టీచరమ్మ భార్యకు ఫోన్‌లో చెప్పిన సంగతీ తెలుసు. కానీ ఒకరు అడిగితే ఇంకొకరు అడుగుతారు, అడిగేవాళ్లు తలుపు దగ్గరికి వస్తారు, దగ్గరికొస్తే లోపలి శబ్దం వినబడుతుంది. ఈపాటికి బిల్లు కట్టేసి ఉంటార్లే అనుకున్నాడు. తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు.

శనివారం మేం ఆ వీధికి వచ్చాం.

"అన్నా, ఈడ గుర్తు లేదు" అన్నాడు లైన్‌మన్.

"సరిగ్గా సూడు."

వాడు తలుపు దాకా పోయి చూసి వచ్చాడు. లేదు. లోపల కుట్టు మిషన్ టకటకమంటోంది. పని చేసుకుంటున్నవాడు బిల్లు కట్టడానికేం అని నాకు విసుగు కూడా వచ్చింది. వీధి చివర రేషన్ బండి నిలబడి ఉంది. సున్నపు వలయాల్లో నిలబడమంటే జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. టైము పదకొండు కావస్తోంది. లైన్‌మన్ ఎక్కాడు, వైరు విప్పాడు, దిగాడు. నిచ్చెన భుజాన వేసుకుని పక్క వీధిలోకి తిరిగాం.

అక్కడ నా ఫోన్ మోగింది. ఏఈ సారు. ఆయన మూడు ప్రశ్నలూ మొదలయ్యాయి. నేను అటూ ఇటూ తిరుగుతూ సమాధానం చెబుతున్నాను. ఎదురుగా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గడ్డం, మాస్కు, చేతి మీద మడత పెట్టిన ప్యాంటు. ఎవరికో కుట్టిన బట్టలు ఇవ్వడానికి పోతున్నట్టు నింపాదిగా నడిచి వచ్చాడు. పరుగెత్తితే వీధి మొత్తం చూస్తుందని ప్యాంటు చేతిమీద వేసుకుని నడిచాడని అప్పుడు నాకేం తెలుసు?

"సార్, ఒక్క నిమిషం పక్కకి రాండి" అన్నాడు మెల్లగా.

పక్కకు పిలిచేవాళ్లు రోజూ పదిమంది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఆగమన్నట్టు వేలు చూపించాను. ఆగాడు. ఆ మనిషి మర్యాదగా ఆగాడండీ! నేను ఏఈ సారుకు ఏ వీధిలో ఎన్ని ఇళ్లకు బకాయి ఉందో చెబుతుంటే, చేతి మీది ప్యాంటు పట్టుకుని ఆగాడు. ఆ గుడ్డ వణుకుతోంది. నేను చూశాను. చూసి కూడా ఇంకొక వాక్యం మాట్లాడాను.

అప్పుడు ప్యాంటు కింద పడేసి అరిచాడు. రేషన్ బండి దాకా, ఆ పక్క వీధి దాకా వినబడేలా.

"నా బీబీకి ఊపిరాడదు సార్! కరోనా ఉండాది! ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది! కరెంటియ్యండి సార్, కరెంటియ్యండి!"

ఫోన్ ఎప్పుడు జేబులో వేసుకున్నానో గుర్తులేదు. లైన్‌మన్ అప్పటికే నిచ్చెన ఎత్తి పరుగెత్తుతున్నాడు. సందు మలుపులో జనం. రేషన్ క్యూలోవాళ్లు కరోనా అన్న మాట విని చెదిరిపోతూ ఎదురొస్తున్నారు. బియ్యం సంచులు, సైకిళ్లు, పిల్లలు. నిచ్చెన అడ్డం తిరిగి ఒక గోడకు తగులుకుంది. సరిగ్గా అప్పుడు అవతలి చివరనుంచి మోపెడ్ వచ్చింది, వెనక సీటు మీద టీచరమ్మ. మైక్‌సెట్టాయన ఏమైందని అడగలేదు. నిచ్చెన చూశాడు, మా మొహాలు చూశాడు. మోపెడ్ దిగి రెండు చేతులూ ఎత్తి, ఆ రెండు నెలలుగా ఏ పెళ్లికీ వాడని గొంతు మొత్తం వాడేశాడు.

"జరగండప్పా! గోడకి జరగండి! దారియ్యండి!"

వీధి రెండుగా చీలింది. లైన్‌మన్ ఎక్కాడు. కింద నేను నిచ్చెన పట్టుకున్నాను. దర్జీ లోపలికి పరుగెత్తాడు. కుట్టు మిషన్ చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు.

"అయిందా?"

"ఉండన్నా!"

"అయిందా రా?"

"అన్నా, నోరు ముయ్యి!"

వైరు కలిసింది. లోపల ఏదో కీచుమంది. తర్వాత గుర్రుమనే శబ్దం మొదలైంది. ఇన్నాళ్లూ ఆ ఇల్లు దాచిన శబ్దం అదేనని అప్పుడు తెలిసింది. మనిషి సంగతి మాత్రం తెలీదు. తలుపు తెరిచే ఉంది, మేం గేటు బయటే ఉన్నాం. టీచరమ్మ మూసి ఉన్న గొడుగు పట్టుకుని లోపలికి కేకేసింది.

"అమ్మీ! నేనమ్మీ, టీచర్ని. ఒక్క మాట పలకవే!"

జవాబు లేదు. ఆవిడ గొడుగు గేటుకు తగిలించింది. గేటు దాటకూడదన్న నియమం ఆవిడదే. అయినా గేటు తీసి, గడప దాటి లోపలికి వెళ్లిపోయింది. ప్రార్థన చేయలేదు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. నిలబడ్డానంటే నిజంగానే నిలబడ్డాను. నా కాళ్లు కదలని రోజు నా జీవితంలో అదొక్కటే.

ఎంతసేపో చెప్పలేను. టీచరమ్మ గడపలోకి వచ్చింది. మాస్కు తడిసిపోయి ఉంది.

"ఉండాది. నన్ను గుర్తుపట్టింది. పెదాల రంగు తిరుగుతాండాది" అంది.

మా లైన్‌మన్ నిచ్చెన మెట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మాస్కు ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

అయిపోయిందనుకుంటే పైనుంచి గొంతు. మిద్దె మీద ఇంటాయన.

"ఏమప్పా భాయ్, ఇన్ని దినాలు నా ఇంట్లో రోగం దాచిపెట్టుకోనుండావా? మేం మనుషులం కాదా? సాయంత్రంలోపల ఖాళీ చేసి పో!"

దర్జీ గడపలో నిలబడి తలెత్తి చూశాడు. ఎదురింటి తలుపు గడియ పడిన శబ్దం వినబడింది. టీచరమ్మ జవాబు చెప్పబోయింది. అంతలో ఇంటాయన వెనకనుంచి ఆయన భార్య ముందుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, దాన్ని తీసేసింది.

"నువ్వు ఊరుకో. మనమేం తక్కువ దాచినామా? మీయమ్మ దగ్గు వినపడకూడదని టీవీ ఎంత గట్టిగా పెట్టుకుంటాండావో వీధికంతా తెలీదా?" అంది. తర్వాత కిందికి చూసి, మొగుడితో కాదు, మా అందరితో, "మా అత్తకి కూడా అదే వచ్చుండాదప్పా. మాకు మిషన్ కూడా లేదు" అంది.

ఇంటాయన రెయిలింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోపం దిగిపోయాక ఆ మొహంలో మిగిలింది భయం. అదే భయం కింద దర్జీ మొహంలో కూడా చూశాను గనక నాకు తెలుసు.

దర్జీ నోరు తెరిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టే హక్కు ఉంది కూడా. ఆయన అడిగింది ఒక్కటే.

"వేలికి పెట్టి సూసినారా అక్కా? ఎంత సూపిస్తాండాది?"

"మాకాడ అది కూడా లేదు భాయ్."

ఆయన లోపలికి పోయి వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆ చిన్న మిషన్ తెచ్చాడు. మెట్ల సగం దాకా ఎక్కి అక్కడ పెట్టి దిగాడు. ఇంటాయనే వచ్చి తీసుకుపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పైనుంచి చెప్పిన అంకె విని దర్జీ పెదవి కొరుక్కున్నాడు. డాక్టరు తన భార్యకు మధ్యాహ్నం కాసేపు ఆక్సిజన్ తీసి చూడమన్నాడని, ఈరోజు కాదు గానీ రేపటినుంచి ఆ కాసేపు మిషన్ పైకి తెస్తానని చెప్పాడు. అంతటితో ఆగకుండా మైక్‌సెట్టాయన ఆదివారం వేలంలో కోడిని పక్కనపెట్టి సిలిండర్ కోసం పాట పాడించాడు. సోమవారం సిలిండర్ వచ్చింది.

ముసలావిడ దక్కలేదు. అది కూడా చెప్పాలి. మిషన్ పైకీ కిందికీ తిరిగింది, సిలిండర్ వచ్చింది, అయినా ఆలస్యమైపోయింది. ఇంకొన్నాళ్లు ముందు నోరు విప్పి ఉంటే అని ఇంటాయన నాతో ఒకసారి అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. దర్జీని ఖాళీ చేయమని మళ్లీ ఎన్నడూ అనలేదు. దర్జీ భార్య బతికింది. రంజాన్‌కు నాకు షీర్ ఖుర్మా పంపుతుంది. మాస్కులు కొనడానికి మాత్రం ఆ వీధివాళ్లు ఆయన దగ్గరికి చాలాకాలం రాలేదు. ఆయన భయపడింది ఊరికే కాదు.

ఆ శనివారానికే వస్తాను. దర్జీ పేరు చెప్పి వీధివాళ్లను తిట్టాలని నాకు నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయాను. ఆ వీధిలో దాచినవాళ్లు ఇద్దరే అని నమ్మకమేంటి? లిస్టులో ఇంకా ఇళ్లున్నాయి. లైన్‌మన్ నిచ్చెన ఎత్తకుండా నా మొహం చూశాడు. నేను పక్కింటి దాకా పోయి తలుపు కొట్టాను. ఎవరూ తీయలేదు. మళ్లీ కొట్టాను. కిటికీ సందులోంచి ఒకామె "ఏంటికప్పా?" అంది. "లోపల ఎవరికన్నా బాగలేదామ్మా? ఉంటే చెప్పండి, నేను వైరు ముట్టను, ఎవరికీ చెప్పను" అన్నాను. ఆమె కిటికీ రెక్క ఇంకొంచెం తీసింది. తర్వాత, నా కొడుక్కి అని తలూపింది.

పన్నెండుకు కర్ఫ్యూ సైరన్ కూసే వేళకు ఏఈ సారు మళ్లీ ఫోన్ చేశారు.

"మధ్యలో కట్ చేశారేంటి? ఈరోజు ఎన్ని తీశారు?"

"ఒకటి తీసినాం సార్. దాన్నీ మళ్లీ కలిపేసినాం."

"ఒక్కటా! ఏం చేస్తున్నారండీ ఇప్పటిదాకా?"

"తలుపులు కొడతాండాం సార్" అన్నాను. "తీసేదాకా నిలబడాల గదా. టైం పడతాది."